వెనక్కి వెళ్లే గడువు

ఆ ఉదయం ముందు గదిలో ఉన్నవాళ్లు ముగ్గురు: బాపు, అమ్మ, అన్న. ఉన్న వస్తువులు: ఇత్తడి తాంబాళంలో సగం పేర్చిన బతుకమ్మ, నేల మీద రెండు గంపల తంగేడు పువ్వు, రంగులో ముంచి కాగితం మీద ఆరబెట్టిన గునుగు కట్టలు, గోడవారగా టేబుల్, టేబుల్ మీద మా ఇంటి కంప్యూటర్. దాని తెర నల్లగా ఉంది. మధ్యలో చుక్కల వలయం తిరుగుతోంది. దాని కింద 42 శాతం పూర్తయిందనీ, కంప్యూటర్‌ను ఆపవద్దనీ రాసి ఉంది. నేను మా ఆఫీసు సర్వర్ల గదిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పుతూ గడప దగ్గరే ఆగిపోయాను.

"ఎవరు నొక్కిన్రు?" అన్నాను.

"నేనే," అన్నాడు అన్న, చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే. "కొత్త వెర్షన్ ఫ్రీగ ఇస్తున్నరు గదరా. పాతదానికి ఇగ రక్షణ ఉండదని రోజూ ఎర్రగ వస్తున్నది. మా ఆఫీసు యాప్ గూడ కొత్తదాంట్లనే నడుస్తదట."

"హార్డ్ డిస్క్ తెస్తున్న, అంతా ఒక నకలు తీసినంక చేద్దామన్న గదా."

"నకలు తీసి దాసుకోనీకి ఇదేమన్న భూమి కాయితమా?"

బాపు నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆమె వేళ్లకు గునుగు రంగు, గులాబీది, అంటుకుని ఉంది. తెర వైపు చూస్తూ, "నా లాక్ పనిచేస్తది గదరా?" అంది.

అన్నకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు జవాబు తెలుసు.

ఆ లాక్ అంటే బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. కంప్యూటర్ వెనక గుచ్చి ఉంటుంది. అది గుచ్చి ఉండి, దాని చిన్న పచ్చ దీపం వెలుగుతుంటేనే అమ్మ టైపు చేసే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ పాతది. చేసిన కంపెనీ మూసేశారు. వాళ్ల ఫోన్ నంబరు ఇప్పుడు ఎవరో పాలవాడి దగ్గర ఉంది. రెండుసార్లు చేస్తే రెండుసార్లూ ఎన్ని లీటర్లు కావాలని అడిగాడు.

అమ్మ పెళ్లికి ముందే తెలుగు టైపు నేర్చుకుంది. లోయర్ పాసైంది, హయ్యర్ పాసైంది. పెళ్లయి పట్నంలోని ఈ కార్వాన్ బస్తీకి వచ్చాక ఆ వేళ్లకు చాలా ఏళ్లు పని లేదు. తర్వాత ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు అచ్చువేసే ఒక ప్రెస్సు భాయ్‌కి తెలుగు కొట్టేవాళ్లు కావలసి వచ్చి, ఇంటి దగ్గరే పని మొదలైంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలన్నీ టైపు మిషను మీద ఉన్నచోటే ఉంటాయి. అమ్మ మీటల వైపు చూడదు. కాగితం వైపు చూస్తూ, పొయ్యి మీద పాల వైపు చెవి పెట్టి కొడుతుంది.

భాయ్ ప్రెస్సులో ఉర్దూ ఆయనే చూసుకుంటాడు, ఇంగ్లిష్ ఆయన అల్లుడు చూసుకుంటాడు. తెలుగు చదవడం ఆ ప్రెస్సులో ఎవరికీ రాదు. అంటే అమ్మ పంపింది పంపినట్టు అచ్చయ్యేది. ఆమె తర్వాత సరిచూసే మనిషి లేడు. అందుకే భాయ్ తెలుగు కార్డు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అమ్మ నంబరే ఇచ్చేవాడు. "ఆపా సే బాత్ కర్లో" అని, ఆ అక్కతోనే మాట్లాడుకోమని పంపేవాడు. మా ఇంట్లో పొద్దస్తమానం ఆ ఫోన్లే.

ఆ ఫోన్లలో అక్షరాల సంగతి తక్కువ. ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద అన్నదే ఎక్కువ. ఒకసారి నేను అన్నం తింటుండగా స్పీకర్‌లో పెట్టి మాట్లాడింది.

"అమ్మా, పెద్ద మేనమామ పేరు కిందికి పోయిందని ఇంట్ల మస్తు లొల్లయితున్నది," అన్నాడు అవతలి మనిషి.

"పెద్ద మేనమామ అంటే ఎవరు బిడ్డా? మీ అమ్మకు సొంత అన్ననా?"

"కాదమ్మా, చిన్నాయిన కొడుకు. కని పెట్టుబోతలన్నీ ఆయనే పెడుతుండు."

"పెట్టుబోతలు పెట్టెటాయనకు పెండ్లిల మంచి కుర్సీ ఎయ్యిరి. కార్డుల సొంత మేనమామనే పైన ఉంటడు. ఎవరన్న అడిగితే టైపుచేసే ఆమె ఒప్పుకుంటలేదని చెప్పు."

అవతల నుంచి పెద్ద నవ్వు. "సరే అమ్మా, నీ పేరే చెప్త. నిన్ను తిడితే నాకు తెల్వది."

"తిట్టనియ్యి. వాళ్లు మా ఇంటికి వచ్చేది లేదు, తినేది లేదు."

బాపు కంచం ముందు కూర్చుని, "ఊరందరి పంచాయితీలు నీకే కావాల్నా? చారు పొయ్యి," అన్నాడు. అమ్మ ఒక చేత్తో చారు పోస్తూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని తర్వాతి కాల్ ఎత్తింది. ఆమె ముఖం అప్పుడు ఎలా ఉండేదో నాకు బాగా గుర్తుంది. ఇంట్లో మరే పని చేస్తున్నప్పుడూ ఆ ముఖం ఉండేది కాదు.

ఆ ఉదయం పదకొండు ఇరవైకి అప్‌గ్రేడ్ పూర్తయింది. కొత్త తెర వచ్చింది. కింద బొమ్మలన్నీ మధ్యకు జరిగాయి. అన్న, "చూడు, ఎంత నీట్‌గ ఉన్నదో," అన్నాడు. నేను కంప్యూటర్ వెనక్కి వంగి చూశాను. లాక్‌లో దీపం లేదు. తీసి మళ్లీ గుచ్చాను. వేరే చోట గుచ్చాను. పాత వెర్షన్‌లా నడిపించే ఏర్పాటు పెట్టి చూశాను. భద్రత తగ్గించి చూశాను. ఆ లాక్ డ్రైవర్ ప్రమాదకరమైనదంటూ కొత్త వెర్షన్ దాన్ని లోపలికి రానివ్వలేదు. అమ్మ బతుకమ్మ పేర్చడం ఆపి నా వెనకే నిలబడి ఉంది.

"రాదా?" అంది.

"దీంట్ల రాదు. కని పాతదానికి పోవచ్చమ్మా. పది రోజులు టైమ్ ఉంటది."

ఆమెకు వివరంగా చెప్పాను. కొత్త వెర్షన్ ఎక్కగానే పాతది చెరిగిపోదు. దాన్ని ఒక ఫోల్డర్‌లో పక్కకు పెడుతుంది. పది రోజుల లోపు 'వెనక్కి వెళ్లు' అన్నది నొక్కితే పాతది ఉన్నది ఉన్నట్టు వచ్చేస్తుంది, అమ్మ సాఫ్ట్‌వేర్, దాని రిజిస్ట్రేషన్, లాక్, అన్నీ. పది రోజులు దాటితే ఆ ఫోల్డర్‌ను అదే తీసేస్తుంది. ఎవరినీ అడగదు.

"అయితే ఇప్పుడే నొక్కు," అంది అమ్మ.

అప్పుడు అన్న గ్లాసు కింద పెట్టాడు. రేపటి నుంచి తనకు ఆఫీసు శిక్షణ. తొమ్మిది రోజులు కెమెరా ముందు కూర్చోవాలి. తొమ్మిదో రోజు, నవమి నాడు, పరీక్ష. అది పాసైతే ప్రమోషన్. ఆ యాప్ కొత్త వెర్షన్‌లోనే నడుస్తుంది. నా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బయటి యాప్‌లు ఎక్కవు. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని రాస్తే ఒప్పుకోరు, వెనక మనుషులు కనపడకూడదు.

"తొమ్మిది రోజులే గద," అన్నాడు అన్న. "నవమి నాడు నా పరీక్ష అయిపోంగనే ఏమన్న చేస్కో. పదో రోజు ఒకటి మిగుల్తది గదా."

"ఒక్క రోజే మిగుల్తది," అన్నాను.

"ఒక్కసారి నొక్కనీకి ఒక్క రోజు చాలదా? నువ్వు చదివింది దేనికి మరి?"

బాపు అన్న వైపే మాట్లాడాడు. "వాని ప్రమోషన్ జీవితం సంగతి. ఆమెది టైంపాస్."

అమ్మ కూర్చుని బతుకమ్మలో తర్వాతి వరస పెట్టడం మొదలుపెట్టింది. "దసరా అయినంక ఇస్తనని భాయ్‌కి చెప్త," అంది.

గడువును పెంచే ఆదేశం ఒకటుంది. నాకు ఆ రోజే తెలుసు. దానికి అడ్మినిస్ట్రేటర్ పిన్ కావాలి. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు అన్న తన ఆఫీసు ఖాతా పెట్టి, తన పిన్ పెట్టుకున్నాడు. అడిగాను. "పరీక్ష అయ్యేదాక దాన్ని కెలకకు. ఏమన్న అయితే నాకు దిక్కెవరు?" అన్నాడు. రెండోసారి అడిగాను. "నీకు అమ్మ కార్డులే కనపడ్తున్నయి గాని నా నౌకరి కనపడ్తలేదు," అన్నాడు. మూడోసారి అడిగితే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తెర వైపు తిరిగాడు.

భాయ్ ఒప్పుకున్నాడు. ఆయన దగ్గర అప్పటికే దసరా తర్వాతి ముహూర్తాల పని వచ్చి ఉంది. "ఆపా, దస్ దిన్ తక్ మై రోక్ లేతా. ఉస్‌కే బాద్ పార్టీ రుక్‌తీ నై," అన్నాడు. పది రోజులు ఆపగలడు, ఆ పైన గిరాకీ ఆగదు. అమ్మ, "ఫికర్ నక్కో కరో భాయ్," అని దిగులు పడొద్దంది.

ఆ తొమ్మిది రోజులూ అమ్మ కార్డుల మాటలన్నీ విడి కాగితాల మీద చేత్తో రాసి పెట్టుకుంది. వెనక్కి వెళ్లగానే కూర్చుని వరసగా కొట్టేయాలని. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. పెద్దమ్మ పేరా, చిన్నమ్మ పేరా, చనిపోయిన తాత పేరు పైన రావాలా అని అడుగుతూనే ఉన్నారు. ఆమె తీర్పులు చెప్తూ, కాగితం మీద పేర్లు మారుస్తూ, గోడకు ఆనుకుని కూర్చునేది. టేబుల్ దగ్గర అన్న. శిక్షణలో ఎక్కువ భాగం ఎవరో మాట్లాడుతుంటే ఇతను కెమెరా ముందు తలూపడమే. అమ్మ పప్పు కుక్కర్ ఆ తొమ్మిది రోజులూ విజిల్ వేయకూడదు. చప్పుడు వినపడుతుందట. ఆమె విజిల్ తీసి మూత పెట్టి పప్పు ఉడికించింది. సరిగ్గా ఉడికేది కాదు. బాపు రోజూ, "పప్పు పలుకుతున్నదే," అనేవాడు.

నవమి నాడు సాయంత్రం నేను డ్యూటీకి బయల్దేరేటప్పటికి అన్న పరీక్ష నడుస్తోంది. బాపు టేబుల్ పక్కన తడిగుడ్డ పట్టుకుని, కెమెరాలో పడకుండా గోడకు అతుక్కుని నిలబడి ఉన్నాడు. ఎందుకని అడిగేందుకు అప్పుడు టైమ్ లేదు. బస్సులో ఉండగా అన్న దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది: 'అయిపోయింది. మంచిగ రాసిన.' దాని కింద నాలుగు అంకెల పిన్.

నేను పొద్దున ఏడున్నరకు డ్యూటీ దిగాను. దసరా కదా, బస్సులు పలచగా ఉన్నాయి. ఇంటికి చేరేసరికి ఎనిమిది నలభై. గడువుకు రెండు గంటల నలభై నిమిషాలు. అసలు పని, నొక్కడం, దాని తర్వాత అది చేసుకునేది, అంతా కలిపి గంట పట్టదు. లోపలికి వచ్చి చూస్తే టేబుల్ ఖాళీగా ఉంది.

కంప్యూటర్ మూలన ఉంది. పీట మీద ఎర్ర బట్ట, బట్ట మీద కంప్యూటర్ పెట్టె, తెర, కీబోర్డు. పక్కన బాపు డిపో నుంచి తెచ్చుకున్న పానాలు సైజుల వారీగా, సుత్తి, కట్టర్, అమ్మ కత్తిపీట, కొబ్బరి కోరు. అన్నింటికీ పసుపు, కుంకుమ. కంప్యూటర్‌కు గాలి వెళ్లే రంధ్రాల మీద కూడా మూడు వేళ్లతో పసుపు పూసి ఉంది. కీబోర్డు మీద బంతిపూల దండ. ముందు దీపం వెలుగుతోంది. నిన్న సాయంత్రం బాపు తడిగుడ్డతో ఎందుకు కాచుకుని ఉన్నాడో అప్పుడు అర్థమైంది.

బాపు ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆయుధపూజ డిపోలో పెద్ద పండుగ. నవమి సాయంత్రం పానాలన్నీ కడిగి వరసగా పెడితే మళ్లీ దశమి నాడు జమ్మి కొట్టి వచ్చాకే ముట్టేవాళ్లు. రిటైరయ్యాక ఆయన అదే పద్ధతి ఇంట్లో నడిపిస్తున్నాడు. మా ఇంట్లో కంప్యూటర్ కొన్నప్పటి నుంచీ అదీ పూజలోకి వెళ్తుంది. ఇన్నేళ్లూ దానితో ఎవరికీ ఇబ్బంది రాలేదు. పండుగ నాడు కంప్యూటర్‌తో ఎవరికి పనుంటుంది?

"బాపూ, దీన్ని ఇప్పుడు తీయాలె," అన్నాను. "పదకొండు ఇరవై దాకనే టైమ్ ఉన్నది."

"జమ్మి కొట్టి వచ్చినంక తీస్కో. సాయంత్రం ఏడింటికి నీ ఇష్టం."

"ఏడింటికి ఉండదు. అదే పోతది. నేను చెప్పిన గదా, పది రోజులని."

"ఒక్క పూట ఎక్కువైతే కొంప మునుగుతదా? ఏ సర్కారు ఆఫీసుల గూడ గడువంటే అటిటు నాలుగు రోజులుంటది."

"ఇది సర్కారు ఆఫీసు గాదు బాపూ. బతిమిలాడితే వినేటందుకు ఎవరూ లేరు దాంట్ల."

ఆయన లేచి పూజకూ నాకూ మధ్య వచ్చి నిలబడ్డాడు. కోపంగా లేడు. నాకు విడమరిచి చెప్తున్నట్టు మాట్లాడాడు. ఒక దసరాకు డిపోలో ఒక కుర్రవాడు, కొత్తగా చేరినవాడు, ఎవరో తొందరపెడితే పూజలో ఉన్న జాకీ తీసి బండి కింద పెట్టాడు. జాకీ జారింది. వాడి చేయి చక్రం కింద పడింది. ఆ చేతికి బాపే తన లుంగీ చుట్టి వాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. "నా కళ్ల ముందటి సంగతిరా ఇది. నువ్వు చదువుకున్నవ్, నీకు నవ్వొస్తది. నా చేతుల ఆ పిలగాని నెత్తురు అంటింది. నువ్వు గూడ ఆ కరెంటు వైర్లల్లనే చేతులు పెడ్తవ్ రోజూ."

నేను నవ్వలేదు. ఆ కథ నేను చిన్నప్పటి నుంచి విన్నాను. అదెంత నిజమో, ఆయన దాన్ని ఎంత నమ్ముతాడో తెలుసు. జాకీ వేరు, ఇది వేరు అని చెప్పబోయాను. అంతలో అన్న స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని బయటికి వచ్చాడు. వాకిట్లో అతని బండి ఉంది. దానికీ దండ, కుంకుమ. ముందు చక్రం కింద రెండు నిమ్మకాయలు. కిక్కు కొట్టి, నిమ్మకాయలను తొక్కించి, "మటన్‌కు లైన్ పెద్దగుంటది, పోయొస్త," అన్నాడు.

"బండికి జమ్మి అవసరం లేదా?" అన్నాను బాపుతో.

"బండిది వేరే. నిమ్మకాయలు తొక్కిస్తే దిష్టి పోతది. తొక్కించినంక నడపొచ్చు."

"దీనికి గూడ రెండు నిమ్మకాయలు తొక్కిద్దామా? ఇంట్ల ఉన్నయి."

"ఎకసెక్కాలు వద్దురా నాతోని."

వాకిట్లోంచి అన్న, "నీ కంప్యూటర్‌కు చక్రాలు పెట్టియ్యిరా, అప్పుడు తొక్కిద్దాం," అని నవ్వుతూ వెళ్లిపోయాడు. అతని పిన్ నా ఫోన్‌లో ఉంది. అతను మాట నిలబెట్టుకున్నాడు. పరీక్ష అయ్యాక ఇస్తానన్నాడు, ఇచ్చాడు. అతన్ని అనడానికి నాకు ఏమీ మిగల్చలేదు.

అప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతికి గారెల పిండి. నేను ఆమె నా పక్కన మాట్లాడుతుందనుకున్నాను. ఆమె ఒక్క మాట అంటే, పోయేది తన పని అని ఒక్క మాట అంటే, నేను బాపును పక్కకు జరిపి అయినా ప్లగ్గు పెట్టేవాడిని.

"ఎప్పటిదాక అన్నవ్?" అంది నాతో.

"పదకొండు ఇరవై."

ఆమె గోడ గడియారం చూసింది. బాపు ముఖం చూసింది. "పోనియ్యిరా. పండుగ పూట లొల్లెందుకు," అని లోపలికి వెళ్లిపోయింది.

నేను వెనకే వంటింట్లోకి వెళ్లాను. "అమ్మా, సాయంత్రం ఉండదు. నిజంగ ఉండదు. నీకు అర్థమైతున్నదా?"

"నాకు తొమ్మిది రోజుల కిందనే అర్థమైంది. నూనె కాగింది, పక్కకు జరుగు."

"మరెందుకు అనవ్?"

"అంటే ఏమైతది? నువ్వు తీస్తవ్. మీ బాపు అన్నం తినడు. సాయంత్రం ఎవ్వనికి జ్వరమొచ్చినా, ఎవ్వని వేలు తెగినా నా కార్డులే కారణమంటడు. ఏడాదంతా అంటడు." గారె తట్టి నూనెలో వేసింది. "అప్పుడు నేను కొట్టినా ఒకటే, కొట్టకున్నా ఒకటే."

పదకొండు గంటలకు నేను ముందు గదిలోనే కూర్చుని ఉన్నాను. బాపు పడక్కుర్చీలో కళ్లు మూసుకున్నాడు. పదకొండు పదికి అమ్మ చేతులు కడుక్కుని, తడి చేతులతోనే వచ్చి పూజ ముందు నిలబడింది. కీబోర్డు మీది బంతిపూల దండను ఒక వేలితో కొంచెం పక్కకు జరిపింది. బాపు కళ్లు తెరిచి, "ఏందే?" అన్నాడు.

"దీపం కొండెక్కుతున్నది," అంది అమ్మ. నూనె పోసి, వత్తి ఎగదోసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. దీపం బాగానే ఉండింది. నేను చూశాను.

సాయంత్రం జమ్మి కొట్టి వచ్చాం. బాపు అందరికీ ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకుని, నాతో, "ఇగ నీ ఇష్టం, తీస్కో," అన్నాడు. ఏడు పదికి కంప్యూటర్ టేబుల్ మీదికి వచ్చింది. రంధ్రాల్లోంచి పసుపు బ్రష్‌తో తీశాను. కొంత లోపల ఫ్యాన్ మీద పడింది, దాని వాసన రావడం మొదలైంది. అన్న పిన్ కొట్టాను. వెనక్కి వెళ్లే చోటికి వెళ్లాను. ఆ ఎంపిక ఈ కంప్యూటర్‌లో ఇక అందుబాటులో లేదని వచ్చింది. పాత వెర్షన్ ఉండే ఫోల్డర్ కోసం వెతికాను. లేదు. స్విచ్ వేసిన ఎనిమిది నిమిషాల్లో, నేను పసుపు తీస్తుండగానే, అదే తీసేసింది.

"అయిపోయిందా?" అన్నాడు బాపు, మటన్ తింటూ. పని అయిపోయిందా అని అడుగుతున్నాడు.

"అయిపోయింది," అన్నాను.

తర్వాత నేను చేసినవి ఇవి. పాత వెర్షన్‌ను కొత్తగా ఎక్కించాను. సాఫ్ట్‌వేర్ సీడీ పెట్టాను. గీతలు పడి సగం దాకా చదివి ఆగింది. భాయ్ ఎవరి దగ్గర నుంచో ఇంకో సీడీ తెచ్చి ఇచ్చాడు. అది ఎక్కింది, లాక్ దీపం వెలిగింది. సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, ఈ కంప్యూటర్‌కు కంపెనీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు కొట్టమంది. కంపెనీ లేదు. ఛత్తా బజార్‌లో ఇద్దరిని, కోఠీలో ఒకరిని అడిగాను. అందరూ అదే చెప్పారు: అలాంటి మిషను ఒకటి నడుస్తుంటే దాన్ని ముట్టుకోకుండా వాడుకోవాలి. ఆ ముక్క నాకు తెలియనిది కాదు. ఇప్పుడు అందరూ వాడే పద్ధతిలో, పాత టైపు మిషను వరసకు దగ్గరగా ఉన్న కీబోర్డు ఒకటి పెట్టిచ్చాను. అమ్మ రెండు రోజుల్లో దానికి అలవాటుపడింది. కానీ ఆ ఫైలు భాయ్ ప్రెస్సులో తెరిస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి. ఆయన మిషన్లన్నీ పాత ఫాంట్ల మీదే నడుస్తాయి. ఒక ఆపా కోసం ప్రెస్సంతా మార్చలేనని, మాట కటువుగా రాకుండా చాలాసేపు తిప్పి తిప్పి చెప్పాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం భాయ్ స్వయంగా ఇంటికి వచ్చాడు. వాకిట్లో బాపు కుర్చీ వేశాడు. అమ్మ లోపల చాయ్ పెడుతోంది. భాయ్ తన ప్రెస్సులో పైన ఒక చిన్న గది ఉందని, తన పాత కంప్యూటర్‌లో అదే సాఫ్ట్‌వేర్ నడుస్తోందని, దాన్ని ఎవరూ ముట్టుకోరని చెప్పాడు. "ఆపా రోజ్ దో ఘంటే ఆకే బైఠే తో బస్. మేరీ బేటీ భీ ఊపర్ ఇచ్ బైఠ్‌తీ, హిసాబ్ దేఖ్‌తీ," అన్నాడు. రెండు గంటలు వచ్చి కూర్చుంటే చాలు, తన కూతురు కూడా అక్కడే లెక్కలు చూస్తుంది.

బాపు మర్యాదగానే విన్నాడు. "వద్దు భాయ్. ఇన్నేండ్లు కండ్లు పాడుచేసుకున్నది చాలు. ఇగ రెస్ట్ తీసుకోనియ్యి. కొడుకులు సంపాయిస్తున్నరు."

"ఏక్ బార్ ఆపా కో పూఛ్ లో నా భాయ్‌సాబ్," అన్నాడు భాయ్, ఒక్కసారి ఆమెనే అడగమని.

"నేను చెప్తున్న గదా."

అమ్మ చాయ్ తెచ్చింది. కిటికీ పక్కనే వంటిల్లు, మాటలన్నీ వినపడతాయి. భాయ్ ఆమె వైపు చూశాడు. నేను కూడా చూశాను. ఆమె గ్లాసు అందించి, "షక్కర్ సరిపోయిందా భాయ్?" అంది. ఆయన సరిపోయిందన్నాడు. గ్లాసు ఖాళీ చేసి, సలాం చేసి, వెళ్లిపోయాడు.

గల్లీ చివరిదాకా నేను ఆయన వెంట వెళ్లాను. "ఇప్పుడు ఎవరితోని కొట్టిస్తున్నరు భాయ్?" అని అడిగాను. ఒక పోరడున్నాడట, ఫోన్‌లో మాట్లాడితే అదే తెలుగు కొట్టేస్తుందట, దాన్ని పాత ఫాంట్‌లోకి మార్చి ఇస్తాడట. "సహీ హై యా గలత్, మేరే కో క్యా మాలూమ్ బేటా," అన్నాడు. తప్పో ఒప్పో తనకేం తెలుసు. నిజమే, ఆయనకు తెలియదు.

ఫోన్లు ఇంకో నెల దాకా వచ్చాయి. అమ్మ నంబరు ఎవరి దగ్గరో ఉండి, మేనమామ పేరు గురించో తాత పేరు గురించో అడిగేవాళ్లు. అమ్మ మొదట్లో ఓపికగా తీర్పు చెప్పి, చివర్న, "కని నేను ఇప్పుడు కొడ్తలేను బిడ్డా, ప్రెస్సుల చెప్పుకోండ్రి," అనేది. తర్వాత తీర్పు చెప్పడం మానేసి చివరి మాట ఒక్కటే అనేది. తర్వాత ఫోన్ మోగుతున్నా కొత్త నంబరైతే ఎత్తేది కాదు. బాపు కూర్చుంటే చారు వెంటనే పోస్తోంది. పప్పు మెత్తగా ఉడుకుతోంది. బాపు ఒకరోజు చుట్టాలతో, "ఇప్పుడు ఇల్లు ఇల్లు లెక్కున్నది," అన్నాడు. అమ్మ అక్కడే ఉల్లిగడ్డలు తరుగుతోంది.

అన్న పరీక్ష పాసయ్యాడు. ప్రమోషన్ వచ్చింది, దాంతోపాటు వేరే జిల్లాకు బదిలీ వచ్చింది, ఆఫీసు ల్యాప్‌టాప్ ఇచ్చింది. ఇంటి కంప్యూటర్‌తో ఎవరికీ పని లేదు. నాకు నా ఆఫీసుది ఉంది. టేబుల్ ఉన్నచోట దివాన్ వేస్తే చుట్టాలొస్తే పడుకుంటారని బాపు అన్నాడు. కంప్యూటర్‌ను ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. మా ఆఫీసులో ఒకతను తీసుకుంటానన్నాడు. ఇచ్చే ముందు డిస్క్ తుడవాలి.

ఆదివారం మధ్యాహ్నం ఆ పనికి కూర్చున్నాను. అమ్మ కొట్టిన కార్డుల ఫోల్డర్ అలాగే ఉంది. ఊళ్ల పేర్లతో, ఇంటిపేర్లతో, నెలల వారీగా, తను పెట్టుకున్న వరసలో. అమ్మ వచ్చి నా వెనక నిలబడింది.

"ఇవి ఎక్కడికన్న తీసిపెట్టుమంటవా?" అన్నాను.

"తెరుచుకుంటయా?"

"మనింట్ల తెరుచుకోవు."

"మరెందుకు? తుడిచెయ్యి." వెళ్లబోయి ఆగింది. "ఎన్నున్నయిరా?"

ఫోల్డర్ మీద నొక్కి, లెక్క వచ్చేదాకా ఆగి, చదివి చెప్పాను.

ఆరు వేల రెండు వందల పద్నాలుగు.